నో ఎంట్రీ పుణ్యాన

మద్రాసు ఉత్తరపు శివారు రెడ్‌హిల్స్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నానని చెబితే మా మామగారు రెండు రోజులు నాతో ముఖం ఇచ్చి మాట్లాడలేదు. 1987 నాటి మాట ఇది. నాది లారీ డ్రైవరు పని. పెళ్ళయి ఏడాది తిరిగింది. కూతురు మద్రాసులో కాపురం పెడుతుందంటే ఆయన మనసులో రాయపురమో తండయార్‌పేటో, మనవాళ్ళు నలుగురున్న వీధి, నడిచిపోయేంత దూరంలో సినిమా హాలు, ఇట్లాంటిదేదో ఉంది. నేను చూపించింది ఉత్తరానికి పోయే జీఎన్‌టీ రోడ్డు వెనక సందులో, బియ్యం మిల్లుల పక్కన, ఒక గదీ ఒక వంటిల్లూ, పెరట్లో బావి. పొద్దున ఊడ్చి ముగ్గేస్తే మధ్యాహ్నానికి దాని మీద ఊక దుమ్ము. "దీనికంటే సూళ్ళూరుపేటలోనే ఉండొచ్చు గదా అల్లుడూ" అన్నాడు. అత్తగారు ఏమీ అనలేదు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గది నాలుగు మూలలూ చూసి బయటికొచ్చేసింది.

నా లెక్క వేరు. అప్పట్లో మద్రాసు నుంచి ఉత్తరానికి పోయే లారీ నెల్లూరుకు పోనీ, బెజవాడకు పోనీ, కలకత్తాకు పోనీ, మూలకడై, మాధవరం, పుళల్ దాటి రెడ్‌హిల్స్ తగలకుండా పోయేది కాదు. తిరిగొచ్చేటప్పుడూ అదే దారి. సెలవు పెట్టి ఇంటికి పోవడం అనే ఏర్పాటు మా పనిలో లేదు గనక, బండి పోయే దారిలోనే ఇల్లుండాలి. ఇది నా సొంత తెలివేం కాదులెండి, నాకు స్టీరింగ్ నేర్పిన గురువుగారు చెప్పిన మాట. ఆయన కుటుంబం కందుకూరు దగ్గర లోపలి పల్లెలో ఉండేది. హైవే మీద సింగరాయకొండ దాటేటప్పుడు ప్రతిసారీ ఆ రోడ్డు వైపు ఒకసారి చూసి గేరు మార్చేవాడు, అంతే. ఇల్లు ఇరవై కిలోమీటర్లు పక్కకుంటే బండి తిప్పడానికి ఓనరు ఒప్పుకోడు, వదిలేసి బస్సెక్కడానికి సరుకు ఒప్పుకోదు.

నేను క్లీనరుగా లేలాండ్ ఎక్కింది 1980లో. ఐదేళ్ళకు హెవీ లైసెన్సు వచ్చింది, మద్రాసు కలకత్తా లైను దొరికింది. ఇక్కణ్ణించి అంబత్తూరు ఫ్యాక్టరీల సరుకు, టైర్లు, ఒక్కోసారి మందుల పెట్టెలు. అక్కణ్ణించి గోనె సంచుల బేళ్ళు, దుర్గాపూర్ ఇనుము. ఏదీ దొరక్కపోతే బంగాళాదుంపలు. ఒక్క వైపుకు పదహారు వందల కిలోమీటర్లకు పైనే, అదీ ఆ రోజుల రోడ్డు మీద. పోవడం ఒక ఎత్తు, రిటర్న్ లోడు కోసం హౌరా అవతల బ్రోకరు ఆఫీసు ముందు కాచుకు కూర్చోవడం ఇంకో ఎత్తు. ఇంటి నుంచి బయల్దేరితే మళ్ళీ ఎప్పుడొస్తావని ఎవరైనా అడిగితే నవ్వడం తప్ప జవాబుండేది కాదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది తెలియకపోతే మా ఇళ్ళల్లో గొడవలెందుకో అర్థం కాదు. జీతం నామమాత్రం. అసలు సంపాదన అంతా రోజు బత్తా, ఆ పైన కిరాయిలో పర్సంటేజీ. చక్రం తిరిగితేనే డబ్బు. ఇంట్లో ఒక పూట ఎక్కువ ఉన్నామంటే ఆ పూట మన జేబులోంచి పోయినట్టే. 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం అని ఒకటి వచ్చిందట, రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు, వారానికో రోజు సెలవు అని అందులో రాసుందట. యూనియన్ ఆఫీసులో ఒకాయన దాన్ని చదివి వినిపిస్తే బెంచీల మీద కూర్చున్న మేమంతా ఒక్కసారిగా నవ్వాం, పాపం ఆయన నొచ్చుకున్నాడు. రాష్ట్రాలు దాటి పోయే నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లుండాలని కూడా రూలుండేది. ఆ రెండో డ్రైవరు కాగితాల్లో ఉండేవాడు. బండిలో ఉండేది నేనూ, క్లీనరూ.

మరి సంసారం ఎట్లా నడిచిందయ్యా అంటే, నో ఎంట్రీ పుణ్యాన.

సిటీలోకి పెద్ద బండ్లను పగలు రానిచ్చేవాళ్ళు కాదు. ఆ వేళకు వచ్చిన లారీలన్నీ రెడ్‌హిల్స్ నుంచి మాధవరం దాకా రోడ్డు వారన వరసగా నిలబడాల్సిందే. ఓనర్లకు అది తలనొప్పి, వ్యాపారులకు నష్టం. మా ఇంట్లో అది పండగ. రాత్రి నెల్లూరులో భోంచేసి బయల్దేరితే తెల్లవారక ముందే రెడ్‌హిల్స్ చేరొచ్చు, కానీ మరీ ముందు చేరితే ప్రమాదం. మూడింటికో నాలుగింటికో వచ్చేశావనుకో, నేరుగా పోయి వాల్‌టాక్స్ రోడ్డులో సరుకు దించేసి ఇంకో లోడుకు సిద్ధం కావాలి. అదే కొంచెం తెల్లారాక వచ్చావా, ఇక చీకటి పడిందాకా బండి కదిలేది లేదు, మనమేం చేస్తాం, పోలీసులు పోనివ్వలేదు సార్.

అందుకని సూళ్ళూరుపేటలో ఆగేవాణ్ణి. చెంగాళమ్మ గుడికి తలుపులు వెయ్యరు, ఏ వేళప్పుడైనా దండం పెట్టుకోవచ్చు. టీ తాగి, కొబ్బరికాయ కొట్టి, టైర్లన్నీ ఒకసారి సుత్తితో తట్టి చూసుకుని, మళ్ళీ టీ. మా ముదలాళికి, అంటే ఓనరుకు, కూడా అమ్మవారంటే గురి. ఆలస్యం ఎందుకైందని అడిగితే "చెంగాళమ్మకు కాయ కొట్టొచ్చాను సార్" అంటే ఇంకేమంటాడు? క్లీనరు కావలి కుర్రాడు, మహా గడుసు. నేను గడియారం చూడటం గమనించి "అన్నా, ఇంకో టీ చెప్పనా?" అని వాడే అడిగేవాడు. నేను ఇంటికి పోతే వాడికి బండిలో పగలంతా హాయిగా నిద్ర, సాయంత్రం మా ఇంటి నుంచి అన్నం, చేపల పులుసు. లాభం ఇద్దరికీ ఉంది.

అట్లా దొరికిన పగలు ఎట్లా గడిచేదో చెబుతాను. బండి మిల్లు గోడ పక్కన పెట్టి సందులోకి నడిచి వచ్చేసరికి మా ఆవిడ పొయ్యి మీద నీళ్ళు పెట్టేసి ఉండేది. బండి ఆగిన చప్పుడు విని కాదు, అన్ని లారీలు ఆగే చోట ఏ చప్పుడని గుర్తుపడుతుంది. తెల్లారగానే పాలకోసం రోడ్డు మీదికి పోయినప్పుడు నిలబడ్డ బండ్ల నంబర్లు చూసుకుంటూ పోయేది, కనపడితే గబగబా వెనక్కొచ్చి పొయ్యి వెలిగించేది. రెండు బకెట్లు మరుగుతున్నట్టున్న నీళ్ళు. మొదటి బకెట్టు నీళ్ళు నల్లగా పోయేవి. డీజిలు మసి, ఒరిస్సా ఎర్రమట్టి, చెమట. తర్వాత రాగి సంకటి, లేకపోతే చద్దన్నం, నంజుకోవడానికి ఏదో ఒకటి, అది మింగుతుండగానే కళ్ళు మూతలు పడేవి.

అక్కడే వచ్చేది చిక్కంతా. మూడు రాత్రుల నిద్ర బాకీ ఉంది. ఇంట్లో ఉండేది ఒక్క పగలు. పడుకుంటే పిల్లల్ని చూడలేను, పిల్లల్ని చూస్తే ఆ రాత్రి ఆంధ్రా సరిహద్దులోని తడ దాటకముందే కునుకు పడుతుంది. కునుకు పడితే ఏమవుతుందో హైవే పక్కన ప్రతి పదిమైళ్ళకూ బోర్లాపడిన బండొకటి చెబుతూనే ఉండేది. మొదట్లో నేను మంకుగా కూర్చుని కబుర్లు చెప్పేవాణ్ణి, మధ్యలో తల వాలిపోయేది. పెద్దమ్మాయికి మూడేళ్ళప్పుడు మా ఆవిడే ఒక రూలు పెట్టింది. వచ్చిన వెంటనే నిద్ర, మధ్యాహ్నం దాకా ఎవరూ లేపకూడదు. చుట్టం వచ్చినా సరే, మిల్లు మేస్త్రీ వచ్చినా సరే, తలుపు దగ్గరే సమాధానం చెప్పి పంపేసేది. పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు నన్ను తట్టి లేపి, కాఫీ ఇచ్చి, "ఇంక మీ నాయన మీది, తీసుకుపోండి" అనేది. అక్కణ్ణించి చీకటి పడేదాకా నేను వాళ్ళకు సొంతం. ఆ రెండు మూడు గంటల్లో నేను పనికొచ్చే తండ్రిని, ఇది మాత్రం గర్వంగా చెప్పుకోగలను. పుళల్ చెరువు కట్ట మీద నడవడం, సైకిలు తొక్కడం నేర్పడం, లెక్కలు చెప్పడం కూడా. మైళ్ళూ లీటర్లూ టన్నులూ నాకు కొట్టిన పిండి కాబట్టి, ఏడో తరగతి దాకా లెక్కల మాస్టర్ని నేనే.

పెద్దమ్మాయి ఒక ఆట ఆడేది. నా రెండు చేతులూ పక్కపక్కన పెట్టించేది. కిటికీ వైపు ఉండే కుడి చెయ్యి మోచేతి నుంచి కిందకి నల్లగా కాలిపోయి ఉండేది, ఎడమది మామూలు రంగులో. "ఇది కలకత్తా చెయ్యి, ఇది ఇంటి చెయ్యి" అని పేర్లు పెట్టింది. చిన్నోడు అన్నం తినను అని మొండికేస్తే "ఇంటి చెయ్యితో పెట్టు నాయనా" అని సలహా కూడా ఇచ్చేది.

పిల్లలు చదివింది తమిళ బడిలో. వీధిలో తమిళం, బడిలో తమిళం, తెలుగు మాట్లాడటం వస్తుంది కానీ అక్షరం ముక్క రాదు. నేనేమో ఎప్పుడుంటానో తెలియనివాణ్ణి, పలకా బలపం పట్టి కూర్చోబెట్టే తీరికెక్కడిది? వాళ్ళకు తెలుగు నేర్పింది నెల్లూరు బియ్యం బస్తాలు. రెడ్‌హిల్స్ మిల్లులకూ మండీలకూ మనవైపు నుంచి బియ్యం లారీలు వచ్చేవి, బస్తాల మీద ఎర్రరంగులో, నీలం రంగులో మిల్లు పేరు, ఊరి పేరు, దేవుడి పేరు. మా ఆవిడ కూరగాయలకు పోతూ ఒక్కో బస్తా దగ్గర ఆగి ఇది 'శ్రీ', ఇది 'ల', ఇది 'క్ష్మి' అని చూపించేది. ఆ తర్వాత ఆంధ్రా బండ్ల వెనక రాతలు. ఒకసారి నేను వచ్చేసరికి పెద్దది గుమ్మంలో నిలబడి "నాయనా, బుచ్చిరెడ్డిపాళెం అని రాయడం వచ్చు" అంది. అమ్మ అని రాయడం రాదు దానికి అప్పటికి, బస్తా మీద ఉండదు గదా.

ఇంక ఉత్తరానికి పోయేటప్పటి సంగతి. సరుకెక్కించుకుని రాత్రి సిటీ దాటి రెడ్‌హిల్స్ వచ్చేసరికి ఏ పదకొండో అయ్యేది. అప్పుడు ఆగడానికి సాకులు లేవు, పది పదిహేను నిమిషాలు, అంతే. మా ఆవిడ సంచి కట్టి పెట్టేది. పులిహోర గుజ్జు సీసాలో (నూనె పైకి తేలేట్టు మరగబెడితే బరంపురం దాకా చెడిపోదు), కందిపొడి, గోంగూర పచ్చడి, వేయించిన ఎండు చేపలు కాగితంలో చుట్టి. బండిలో కిరసనాయిలు స్టవ్వుంది, దారిలో క్లీనరు అన్నం వారిస్తే చాలు. ధాబా రొట్టె మూడో రోజుకే మొహం మొత్తేది నాకు. ఉత్తరాది డ్రైవర్లు మా పులిహోర వాసనకు దగ్గరికొచ్చి కూర్చునేవాళ్ళు, ఒక సర్దార్జీ అయితే సీసా అడుగు వేలితో నాకి మరీ ఇచ్చాడు.

అటు నుంచి నేను తెచ్చేవి వేరే. దారి పొడుగునా ఏ ఊళ్ళో ఏది బాగుంటుందో అది. రావులపాలెంలో చక్కెరకేళి గెల, ఎండాకాలం తునిలో మామిడిపళ్ళు, పలాస జీడిపప్పు, చిలికా ఒడ్డున బాలుగావ్‌లో ఎండు రొయ్యలు. మా సందులో వాళ్ళకు మా ఇంట్లో ఎప్పుడూ జీడిపప్పుంటుందని పెద్ద పేరు, అద్దె మూడు నెలలు బాకీ ఉన్నప్పుడు కూడా ఉండేది!

ఫోను మాట చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. మా ఇంటికి నంబరు లేదు, వీధి మొదట్లో కిరాణా కొట్టువాళ్ళది పీపీ నంబరు. దారిలో ఎస్టీడీ బూతు నుంచి కొట్టుకు ఫోను చేసి, పెట్టేసి, పది నిమిషాలాగి మళ్ళీ చేస్తే ఈలోపు కొట్టు కుర్రాడు పరిగెత్తి మా ఆవిణ్ణి పిలుచుకొచ్చేవాడు. రాత్రి పొద్దుపోయాక చేస్తే పావు రేటు, దేశమంతా ఆ వేళకే బూతుల ముందు క్యూ కట్టేది. మాకు ఆ యోగం లేదు, కొట్టు తొమ్మిదింటికి మూసేస్తారు. కాబట్టి ఎక్కువ రేటు పెట్టి తక్కువ మాట్లాడేవాళ్ళం. మీటరు ఎర్రంకెలు గిర్రున తిరుగుతుంటే ఆమె గబగబా చెప్పేది: చిన్నోడికి జ్వరం తగ్గింది, ఇంటాయన వచ్చిపోయాడు, రేషన్ కార్డులో నీ పేరు తప్పు పడింది, ఎక్కడున్నావు. నేను "ఇచ్ఛాపురం" అనేవాణ్ణి. అంతే, కట్.

2003లో ఇన్‌కమింగ్ ఉచితం అయ్యాక నేనూ ఒక సెల్లు కొన్నాను. అయినా తడ దాటగానే రోమింగు, ఎత్తితే డబ్బు. దానికో పద్ధతి కనిపెట్టాం. నేను ఒక మిస్డ్ కాల్ ఇస్తే క్షేమం, రెండిస్తే రేపు తెల్లారి వస్తున్నా. మూడిస్తే ఎత్తాలి, ఏదో జరిగింది అని. మూడు ఇవ్వాల్సిన అవసరం ఒక్కసారే వచ్చింది, బాలాసోర్ అవతల యాక్సిల్ విరిగి నాలుగు రోజులు రోడ్డు పక్కన ఉండిపోయినప్పుడు.

ఏడాదిలో ఖాయంగా ఇంట్లో ఉండేది ఆయుధ పూజకే. మిగతా ఏ పండగైనా బండి మీదే గడిచిపోవచ్చు, ఆ ఒక్కటి మాత్రం బండికే పండగ కాబట్టి ముదలాళి కూడా కాదనలేడు. నెల ముందు నుంచే డ్రైవర్లందరం వేళ్ళు మడిచి లెక్కలు. నవమి నాటికి ఇక్కడుండాలంటే ఏ తారీఖుకు హౌరా వదలాలి, ఏ లోడు ఎక్కించుకోవచ్చు, ఏది వద్దనాలి. అరటి పిలకలు కట్టి, పసుపు కుంకుమలు పెట్టి, టైరు కింద నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ పగలగొట్టి, పిల్లల్నందరినీ కేబిన్‌లో ఎక్కించుకుని రెడ్‌హిల్స్ నుంచి షోలవరం దాకా హారన్ కొట్టుకుంటూ ఒక రౌండు. ఖాళీ బండి ఎంత తేలిగ్గా పోతుందో ఆ రోజే గుర్తొచ్చేది.

నాలుగు వరసల రోడ్డు పడుతున్నప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించింది మేమే. స్వర్ణ చతుర్భుజి అని పేరు. కలకత్తాకు రెండు రోజులు తగ్గుతుంది, ఆ రెండు రోజులూ ఇంట్లో ఉండొచ్చని మా ఆవిడకు లెక్కేసి చెప్పాను. ఆమె గరిటె తిప్పుతూ "ఉండనిస్తారా?" అంది. ఉండనివ్వలేదు. రోజులు తగ్గాయి, ట్రిప్పులు పెరిగాయి. బండి వాయిదాలు కట్టేది ముదలాళి, ఆయన లెక్కలో ఆయన తప్పేం లేదు. 2010లో మా ఎన్‌హెచ్ ఫైవ్‌ను ఎన్‌హెచ్ 16 చేశారు, సిటీ చుట్టూ బైపాసులు పడ్డాయి, ఆ తర్వాత అవుటర్ రింగ్ రోడ్డొచ్చింది. లోడును బట్టి ఒక్కోసారి రెడ్‌హిల్స్ ముఖం చూడకుండానే పోవాల్సి వచ్చేది.

2009 జనవరిలో దేశమంతా లారీల సమ్మె. డీజిలు ధర తగ్గించాలి, టోలు తగ్గించాలి అని. దాదాపు వారం రోజులు బండి మిల్లు గోడ పక్కనే ఉంది, నేను ఇంట్లో. పెళ్ళయ్యాక వరసగా అన్ని రోజులు ఇంట్లో ఉండటం అదే మొదలు. మొదటి రోజు రాజభోగం. రెండో రోజు పెరట్లో గిలక బాగుచేశాను. మూడో రోజుకు నేను అందరికీ అడ్డం. పొద్దున ఆరింటికి బాత్రూమ్ పెద్దమ్మాయిదట, ఏడింటికి చిన్నోడిదట, నాకు వరసే లేదు. ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియదు, టీవీలో పదకొండు గంటలకు మా ఆవిడ చూసే సీరియల్లో ఎవరు ఎవరి కోడలో తెలియదు, అడిగితే విసుగు. అదే వారంలో ఆయిల్ కంపెనీల ఆఫీసర్లు కూడా సమ్మె చేశారు, బంకుల్లో పెట్రోలు లేక బైకులవాళ్ళు సీసాలు పట్టుకుని తిరిగారు. అదే వారం సత్యం కంప్యూటర్స్ గొడవ బయటపడి, కంప్యూటర్లు చదువుతున్న మా పెద్దది టీవీ ముందు నుంచి లేవకుండా గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. దానితో ఏం మాట్లాడాలో నాకు తోచలేదు. ఏడో తరగతి లెక్కలైతే చెప్పేవాణ్ణి.

నాలుగో రోజు మధ్యాహ్నం పోయి కేబిన్‌లో పడుకున్నాను. మంచి నిద్ర పట్టింది. సాయంత్రం మా ఆవిడ టిఫిన్ బాక్సు తీసుకుని బండి దగ్గరికే వచ్చింది. ఆమె కూడా ఎక్కి పక్కన కూర్చుంది, ఇద్దరం ఉప్మా తింటూ రోడ్డు చూస్తూ చీకటి పడిందాకా కబుర్లు చెప్పుకున్నాం. ఆ వారం మొత్తంలో మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకున్నది ఆ కేబిన్‌లోనే. సరిగ్గా సంక్రాంతి ముందు సమ్మె విరమించారు. పేరుకుపోయిన సరుకంతా ఒక్కసారిగా కదలాలి కదా, భోగి నాడు నేను ఒంగోలు అవతల ఉన్నాను. వారమంతా ఖాళీగా కూర్చోబెట్టి పండగ పూట పంపించారని చిన్నోడికి ఇప్పటికీ కోపం.

ఆగిపోవడం ప్రతిసారీ మనకు అనుకూలంగా ఉండదు. 2015 నవంబరు వానలకు గూడూరు వైపు హైవే మీద నీళ్ళు పారి బండ్లన్నీ నిలిచిపోయాయి. రెడ్‌హిల్స్ ఇంకెంతో దూరం లేదు, ఖాళీ రోడ్డు మీద మూడు గంటల ప్రయాణం. బిస్కెట్లు తింటూ కేబిన్‌లో కూర్చోవడం తప్ప చేసేదేమీ లేదు. ఫోను చార్జింగ్ ఉన్నంతసేపూ మా ఆవిడ ఒకటే మాట, "నీళ్ళలోకి మాత్రం దిగొద్దయ్యా, బండి పోతే పోనీ."

నా సూళ్ళూరుపేట టీలకు కాలం చెల్లించింది మాత్రం జీపీఎస్. బండికి ఆ పెట్టె బిగించిన కొత్తల్లో ఒక తెల్లవారుజామున చెంగాళమ్మ గుడి ముందు రెండో టీ చేతిలో ఉండగా ఫోను. ముదలాళి కొడుకు. పెద్దాయనకు వయసైపోయి వ్యవహారమంతా అతని చేతికొచ్చింది. "అన్నా, నలభై నిమిషాలుగా బండి ఒకే చోట చూపిస్తోంది, ఏంటి సమస్య?" మర్యాదగానే అడిగాడు. అమ్మవారికి కాయ అన్నాను. "కాయకు పది నిమిషాలు చాలదా అన్నా?" అన్నాడు. క్లీనరు నా ముఖం చూసి గ్లాసులు వెనక్కిచ్చేశాడు. 2017 జూలై 1న జీఎస్టీతో సరిహద్దు చెక్‌పోస్టుల్లో కాగితాల కోసం నిలబడటం పోయింది. దానికి నేనేం బాధపడలేదు, అక్కడ చేతులు తడిపిన డబ్బుతో ఇంకో ఇల్లు కట్టుండొచ్చు. తర్వాత ఫాస్టాగ్. 2021 ఫిబ్రవరి నుంచి అందరికీ తప్పనిసరి అయిందిగానీ అప్పటికి నేను దిగిపోయాను. 2019లో మోకాలు క్లచ్ తొక్కనంది, లైసెన్సు రెన్యువల్‌కు పోలేదు.

ఇప్పుడు మా మేడ మీద ఒక జంట అద్దెకుంటున్నారు. అతనిది నాయుడుపేట, కంటైనర్ ట్రైలర్ తోలుతాడు. ఏడాది పాప. ఒకరోజు కిందికొచ్చి కూర్చుని "మీ రోజుల్లో ఎట్లా నెట్టుకొచ్చారు పెదనాన్నా?" అన్నాడు. నాకు తెలిసింది చెప్పాను. బండి దారిలో ఇల్లు అనే సూత్రం ఇప్పుడు పనిచెయ్యదు, దారులు పది అయ్యాయి. ముందు ఏ కంపెనీ ఏ పద్ధతిలో తోలిస్తుందో చూసుకో అన్నాను. ఉత్తరాదిలో రిలే పద్ధతి పెట్టినవాళ్ళున్నారు. నాలుగైదు గంటలు తోలి ఒక పాయింటు దగ్గర బండి ఇంకొకడికి అప్పజెప్పి, ఎదురొచ్చే బండి తీసుకుని అదే రోజు ఇంటికి తిరిగొచ్చేయడం. నలభై ఏళ్ళలో డ్రైవరు ఇంటి గురించి ఎవరైనా బుర్రపెట్టి ఆలోచించారంటే నాకు తెలిసి అదొక్కటే. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ కేబిన్ ఉండాలన్నారు, మంచిదే, నా కుడిచెయ్యి లాంటి చేతులు ఇక ఉండవు. కానీ ఏసీలో కూర్చోబెట్టి ఇంకో రెండు గంటలు ఎక్కువ తోలించకుండా చూసేదెవరు?

మేము మాట్లాడుతుంటే మా ఆవిడ లోపల చింతపండు పిసుకుతూ వింటోంది. అతని భార్య వెళ్ళి "పెద్దమ్మా, ఎప్పుడొస్తావంటే ఆయనకు కోపమొస్తుంది, ఏం చెయ్యాలి?" అని అడిగింది. మా ఆవిడ చెయ్యి కడుక్కుని బయటికొచ్చి, ఆ పిల్లతో కాదు, ఆ అబ్బాయితో అంది: "ఇంట్లో ఉన్న రోజుకు కూడా బత్తా ఇమ్మని అడుగు నాయనా. బండికి సర్వీసు చేయిస్తే డబ్బు కట్టరా? నీకెందుకు కట్టరు?"

నేను నోరు తెరిచి చూస్తున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా కాపురం చేసి నాతో ఒక్కసారీ అనని మాట. "నాకెందుకు చెప్పలేదే?" అన్నాను. "నువ్వు అడిగే రకమా? కొబ్బరికాయలు కొట్టుకుంటూ తిరిగావు" అంది.

ఆ అబ్బాయి నిజంగానే పోయి అడిగాడు. నెలకు రెండు రోజులకైతే ఇస్తారట, అదీ సగం. నాలుగు రోజులకు తక్కువ ఒప్పుకోవద్దని మా ఆవిడ రోజూ మెట్ల దగ్గర ఆపి చెబుతోంది.